రెండు రాళ్ల నడుమ ఆమె పేరు

నా భార్య పోయిందన్న కబురు నాకు ఫోనులో వచ్చింది. మధ్యాహ్నం పూట. వికారాబాద్‌లో మా ఇంటి ముందు నల్లా కింద బకెట్ పెట్టి నిలబడి ఉన్నాను. తాండూరులో ఆమె షాపు పక్కన బట్టలు కుట్టే చాచా ఫోన్ చేశాడు.

"సార్, మీరు జర జల్ది రావాలె."

"ఏమైంది చాచా?"

"బేటీ లేస్తలేదు సార్."

ఆయన తర్వాత చెప్పినవేవీ గుర్తు లేవు. బకెట్ నిండి నీళ్లు పొర్లిన చప్పుడు గుర్తుంది.

నేను బస్సు దిగేసరికి ఆమెను ఆస్పత్రికి తీసుకుపోవడం, తిరిగి తీసుకురావడం రెండూ అయిపోయాయి. గుండె ఆగిందన్నారు. చాచా షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది. నన్ను చూసి లేవలేదు.

"పేరు కాడ ఆగిందనుకున్న సార్," అన్నాడు. "ఎప్పటికి ఆగుతది గద. చేతులు రాళ్ల మీద వెట్టి, తెర దిక్కు సూసుకుంట కూసున్నది. పేరు కాడ ఉన్నది, పిలువొద్దనుకున్న. పోయి చాయ్ తాగొచ్చిన. వచ్చి సూస్తే గట్లనే కూసున్నది. ఒక ప్యాంటు మొత్తం కుట్టిన. అప్పుడు సూస్తే గూడ గట్లనే ఉన్నది."

ఆ మాట మీకు అర్థం కావాలంటే ఆమె పని గురించి, ఆ రెండు రాళ్ల గురించి చెప్పాలి.

ఇది చదివే తాండూరు వాళ్లలో చాలామంది ఇళ్లలో ఆమె కొట్టిన కార్డు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. స్టేషన్ రోడ్డు వెనక సందులో డీటీపీ షాపు ఆమెది. పెళ్లి కార్డులు, బిల్లు బుక్కులు, అర్జీలు అన్నీ చేసేది. ఎక్కువగా వచ్చేవి మాత్రం దినాల కార్డులే. మనిషి పోయిన మూడోనాడు ఇంట్లోంచి ఒకరు కాగితం ముక్క పట్టుకొని వస్తారు. సాయంత్రానికి రెండు వందల కార్డులు కావాలంటారు. కూర్చోమన్నా కూర్చోరు.

"సచ్చినోళ్లకు తొందర లేదు. తొందరంత మనకే," అనేది, వాళ్లు వెళ్లాక.

షాపు పెట్టిన కొత్తలో ఆమె ఒక పొరపాటు చేసింది. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు చేసేదే. కార్డు మొదటి నుంచి కొట్టే తీరిక లేక, పాత కార్డు ఫైలు తెరిచి పేర్లు మారుస్తారు. దౌల్తాబాద్ వైపు ఒక రైతు కుటుంబానికి తల్లి దినాల కార్డు చేసి ఇచ్చింది. కొన్నాళ్లకు ఆ ఇంట్లో పెద్ద కొడుకు పోయాడు. అదే ఫైలు తెరిచింది. పేర్లు మార్చేటప్పుడు పోయినవాడి పేరు ఉండాల్సిన చోట, అడుగున 'ఇట్లు' కింద ఉన్న తమ్ముడి పేరు పడింది. అతను బతికే ఉన్నాడు. ఎవరూ చూసుకోలేదు. కార్డులు ఊళ్లకు వెళ్లిపోయాయి.

రెండు రోజులు కాగానే ఆ తమ్ముడే షాపుకు వచ్చాడు. పెద్ద వయసు మనిషి. కార్డు ఆమె ముందు పెట్టాడు.

"బిడ్డా, నన్ను సంపింది నువ్వేనా?"

ఆమె లేచి నిలబడింది.

"బుగులు వడకు, కూసో. రెండు దినాల సంది నా కోసం మస్తు మంది ఏడుస్తున్నరు. కొందరు ఏడుస్తలేరు. వాళ్లెవలో మనసుల వెట్టుకున్న."

చాయ్ తాగి వెళ్లాడు. రెండేళ్లకు నిజంగానే పోయాడు. ఆయన కొడుకు కాగితం పట్టుకొని వచ్చాడు. కొడంగల్‌లో షాపులు ఉండగా ఇంత దూరం ఎందుకు వచ్చావని ఆమె అడిగింది.

"నాయిన చెప్పి పోయిండు అక్కా. నా కార్డు గామెతోనే కొట్టియ్యుండ్రి, నా పేరు గామెకు ముందుగాలనే ఎరుకన్నడు."

ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె అన్నం తినలేదు. తర్వాత ఏనాడూ పాత ఫైలు తెరవలేదు. ప్రతి కార్డూ మొదటి మాట నుంచి కొత్తగా కొట్టేది. పోయినవాళ్ల పేరు చోటు రాగానే వేళ్లు పైకెత్తి, అరచేతులు మాత్రం ఆనించి ఆగేది. కాగితం మీది పేరు చూసేది. తెర వైపు చూసేది. పెదవులు ఒకసారి కదిలేవి. అప్పుడు కొట్టేది. ఎందుకని అడిగితే, "పాత పేరు మీద కొత్త పేరు కొట్టొద్దు," అనేది. షాపు మూసే ముందు చేతులు కడుక్కుని, కీబోర్డును తడిగుడ్డతో తుడిచేది. పోయినవాళ్ల పేర్లు వెంట ఇంటికి రాకూడదని.

ఆ సందులో అందరికీ ఈ అలవాట్లు తెలుసు. పేరు దగ్గర ఉన్నప్పుడు ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. చాచా కూడా అందుకే పిలవలేదు.

ఇరవై ఏళ్లు కొట్టాక ఆమె చేతులు మొరాయించాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని డాక్టరు చెప్పాడు. పొద్దున లేచేసరికి వేళ్లు మొద్దుబారి ఉండేవి. రెండు చేతులూ దుప్పటి మీద పెట్టుకొని చూస్తూ కూర్చునేది.

"గివి నావి కావనిపిస్తది. ఎవలియో తెచ్చి నాకు తగిలిచ్చినట్టు."

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. మాకు పిల్లలు లేరు. సాయంత్రాలు ఖాళీ. మామూలు కీబోర్డు ముందు చేతులు దగ్గరికి ముడుచుకొని, మణికట్లు బయటికి వంచి కొట్టాలి. దాన్ని నడిమికి రెండు ముక్కలు చేసి భుజాల వెడల్పున పెట్టుకుంటే, చేతులు తమ దారిన తాము ఉంటాయి. అలాంటివి అమ్ముతారు. ఆమెకు సరిపోయేది దొరకదు. చిన్నప్పుడు ఎడమ చిటికెన వేలు విసుర్రాయి కింద పడి నలిగింది. అది పొట్టి, లోపలికి వంపు. మేమే చేసుకుందామనుకున్నాం.

ఏ వేలు ఎక్కడ వాలుతుందో తెలియాలి. కాగితం మీద చేయి పెట్టించి చుట్టూ పెన్సిలుతో గీశాను. గీసిన ప్రతిసారీ ఒక్కోలా వచ్చింది. ఆమె విసుగొచ్చి వంటింట్లోకి వెళ్లింది. జొన్నపిండి తడిపి, పురుగు పట్టకుండా పసుపు కలిపి, రెండు పళ్లాల్లో మందంగా పరిచింది. కళ్లు మూసుకొని రెండు చేతులూ ఆనించింది.

"గిప్పుడు కొలుసుకోండ్రి సారూ. గివి అబద్ధం చెప్పయి."

అందరిలాగే ఆమె కూడా నన్ను సారూ అనే పిలిచేది. పళ్లాలు ఎండడానికి డాబా మీద పెట్టాం. పక్క డాబా మీద బట్టలు ఆరేయడానికి వచ్చిన పక్కింటామె చూసింది. కాసేపటికి నిమ్మకాయ పట్టుకొని మా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, మీ డాబా మీద ఎవలో ఏందో చేసిండ్రు. పసుపు పిండి, రెండు చేతులు. మనిషి లేదు, ఉత్త చేతులే."

"గవి నా చేతులే చెల్లె."

"నీ చేతులు నీకే ఉన్నయి గదనే!"

"గివి తగిలిచ్చినయి. అసలుయి గవే."

నవ్వకుండా అంది. పక్కింటామె నెల రోజులు మా గడప తొక్కలేదు. నిమ్మకాయ మాత్రం వదిలిపోయింది. ఆ పూట పప్పులో పిండుకున్నాం.

పిండి కొలతలతో టేకు పలకల్లో కీబోర్డు కీలకు చోటు తొలిచాను. ఒక్కో వేలికి ఒక్కో నిలువు వరుస, వేలి పొడవును బట్టి పైకో కిందికో. ఎడమ చిటికెన వేలి వరుస బాగా కిందికి, లోపలికి. బొటనవేళ్లకు విడిగా రెండేసి కీలు. తీగలు అతికించాను. ముక్కకు ఒక చిన్న చిప్పు, రెండు ముక్కలనూ కలుపుతూ ఒక తీగ. పని చేసింది. కానీ మరీ తేలిక. కొడుతుంటే ముక్కలు చెరో వైపు జరిగిపోయేవి.

చాచా చూసి తేల్చేశాడు. "బరువుండాలె సార్. నా మిషన్ సూడుండ్రి, ఇనుము. గందుకే కదలది. తాండూర్ల ఉండి బరువుకు ఫికర్ ఎందుకు?"

కరణ్‌కోట రోడ్డు మీద తాండూరు బండలు కోసే ఒక పాలిషింగ్ యూనిట్‌కు వెళ్లాం. అక్కడి మేస్త్రీ నా కాగితాలు తిప్పి తిప్పి చూశాడు.

"బండలు కోసిన, మెట్లు కోసిన, గోరీలకు కోసిన. చేతులకు ఎన్నడు కోయలే సార్."

తప్పు నాదే. పాలిష్ చేసిన ముఖం మీద జిగురు మరక పడుతుందని, కొలత కాగితాలను రెండు రాళ్లకూ వెనక, గరుకు వైపు అతికించాను. ఆయన కాగితం ఉన్న వైపే అరచేతులకు గుంటలు చెక్కాడు. అద్దంలాంటి ముఖం అడుగుకు పోయింది. మళ్లీ చేయిద్దామన్నాను. ఆమె అప్పటికే రెండు గుంటల్లో చేతులు పెట్టి కూర్చుంది.

"నునుపు బల్లకు పోనియ్యుండ్రి. నాకు గరుకే మంచిగున్నది. చేయి జారది."

టేకు పలకలు ఆ రాళ్ల మీద బిగించాను. రెండు నెలల్లో నొప్పి తగ్గింది. పొద్దున లేచి వేళ్లు కదిలించి చూసుకుని, "నావే," అనేది.

రాళ్లను ఆమె షాపులో వదిలి వచ్చేది కాదు. పొద్దున రైల్లో తీసుకుపోయి సాయంత్రం తెచ్చుకునేది. రోజూ అదే పెట్టెలో వెళ్లే ఆడవాళ్లు ఆ సంచిని ఒకసారి ఎత్తి చూశారట.

"ఏమున్నదక్కా గింత బరువు? రాళ్లు మోస్తున్నవా ఏంది?"

"నా చేతులు. ఆడ ఇడిచిపెట్టి రాబుద్ధి కాలె."

ఇంటికి వచ్చి చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ కీబోర్డుకు ఒక గుణం ఉంది. రోజూ కొట్టే మాటలను ఒకసారి కొట్టి చూపిస్తే చిప్పు గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత ఒక్క కీ నొక్కితే చాలు, ఆ మాటలన్నీ రెప్పపాటులో తెర మీద పడతాయి. అలా వద్దంది.

"సావు కార్డు టపటప పడొద్దు. నేను కొట్టినట్టే పడాలె."

అందుకని అక్షరానికీ అక్షరానికీ నడుమ ఆమె తీసుకున్న వ్యవధితో సహా గుర్తుంచుకునేలా చేశాను. ఎడమ బొటనవేలి కింద, పేరు ముందు వచ్చే మాటలు. కుడి బొటనవేలి కింద, పేరు తర్వాతి మాటలు. నడుమ పేరు మాత్రం చేత్తోనే కొట్టాలి. ఆ నియమం ఆమెది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని కొట్టి చూపించింది. పేరు ముందరి మాటల్లో సగంలో ఉంది. నాకు తెలియక తలుపు దగ్గర నిలబడి, "చాయ్ పెట్టనా?" అన్నాను. తల తిప్పకుండా చేయెత్తి ఆగమంది. కొన్ని క్షణాలు ఆగి, మిగతాది కొట్టింది. ఆ ఆగడం కూడా చిప్పులోకి వెళ్లిపోయింది.

మళ్లీ మొదటి నుంచి కొట్టమన్నాను. కొట్టలేదు. ఆ తర్వాత ప్రతి కార్డులోనూ 'బంధుమిత్రులకు' అన్న మాట దగ్గర అక్షరాలు ఆగిపోయేవి. నిలబడ్డవాళ్లు కంప్యూటర్ చెడిపోయిందనుకునేవారు.

"ఆగుండ్రి, వస్తయి. గాడ మా సారు చాయ్ అడిగిండు," అనేది.

అక్షరాలు మళ్లీ కదిలేవి. అలా ఎన్ని ఇళ్ల కార్డుల్లో నా మాట పడిందో తెలియదు. మీ ఇంటి కార్డులోనూ ఉండవచ్చు. కాగితం మీద కనిపించదు.

గరుకు రాయి నూనె తాగుతుంది. ఏడాది తిరిగేసరికి గుంటల్లో రెండు అరచేతులు తేలాయి. ఆమె రాసుకునే కొబ్బరినూనె, చెమట. తడిగుడ్డకు పోలేదు. సబ్బుకు పోలేదు. ఎండాకాలం వెలిసిపోయినట్టు ఉండేవి. వానలు పడగానే నల్లగా పైకి వచ్చేవి. చెమటలోని ఉప్పు గాలిలో తేమను పీల్చుకుంటుందని చెప్పాను. శ్రద్ధగా వింది.

"గట్లనా. మరి మీ చేతులు ఏ రాయి మీద లెవ్వు గద సారూ. మిమ్ముల నేనెట్ల గుర్తువట్టాలె?"

ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లాను. ఇంత కాలం కాపురంలో ఆమె ప్రశ్నలకు నేను జవాబులు బాకీ పడ్డాను. క్లాసులో ఒక లెక్క వేసే ముందు చాక్‌పీసు ఆపి, బోర్డును ఒకసారి చూడడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. పిల్లలకు అది నచ్చేది. వాళ్లకు ఆమె సంగతి తెలియదు.

ఆమె పోయిన రోజు తెర మీద ఒక కార్డు సగంలో ఉంది. పేరు ముందరి మాటలన్నీ ఉన్నాయి. పేరు చోట కర్సర్ గీత మినుకుమంటోంది. ఎవరి తండ్రిదో ఆ కార్డు. ఆ ఇంటివాళ్లు వచ్చి చూసి, తమ కాగితం తీసుకుని వెళ్లిపోయారని చాచా చెప్పాడు. ఫైలు సేవ్ చేసి, కంప్యూటర్ ఆపాను. రాళ్లను సంచిలో పెట్టుకొని ఆమెతో పాటు ఇంటికి తెచ్చాను. దారిలో గుర్తొచ్చింది. ఆ రోజు వాటిని ఎవరూ తుడవలేదు.

మూడో రోజు మధ్యాహ్నం చాచా ఫోన్ చేశాడు.

"సార్, షాపుల ఎవలన్న ఉన్నరా?"

"లేరు. తాళంచెవి నా దగ్గరే ఉంది."

"టక్ టక్ ఇనవడ్తుంది సార్. జర సేపు కొడ్తది. ఆగుతది. మల్ల కొడ్తది."

"మీ మిషన్ చప్పుడేమో చాచా."

"బేటీ పోయినకాన్నుంచి మిషన్ ముట్టలే సార్."

ఆయన ఫోను పెట్టేశాడు.

నాలుగో రోజు మరదలు అడిగింది. అక్క కోసం వచ్చి ఇంట్లోనే ఉంటోంది.

"బావా, కార్డు సంగతేంది? చుట్టాలు అడుగుతున్నరు. షాపుల సగం కొట్టింది ఉన్నదంటివి గద. అక్క పేరు ఒక్కటి వెడితే అయిపాయె."

"అది వేరేవాళ్ల కార్డు."

"పేరు లేనిది ఎవలిదైతేంది బావా?"

ఆమె మామూలుగానే అంది. ఆ ఖాళీలో ఇంకొకరి పేరు పడాల్సి ఉండింది. అందులో నా భార్య పేరు పెడితే, ఆమె జీవితమంతా చేయనన్న పనిని ఆమె కార్డులోనే నేను చేసినట్టు. దౌల్తాబాద్ మనిషి తన కార్డు తాను పట్టుకొని నిలబడడం కళ్ల ముందుకు వచ్చింది.

"కొత్తగా కొడతాను. ఆమె రాళ్ల మీద."

"కర్మ వట్టినోడు ఊరు దాటొద్దంటరు బావా."

"పోయి వస్తా."

మర్నాడు పొద్దున ఆమె వెళ్లే రైలే ఎక్కాను. సంచి భుజాన ఉంది. ఆమె పెట్టెలోని ఆడవాళ్లు నన్ను ఎరగరు. సంచిని గుర్తుపట్టారు.

"అన్నా, గది మా అక్క సంచి గద."

"అవును."

"అక్కేది? నాలుగు దినాల సంది వస్తలేదు."

చెప్పాను. కిటికీ పక్కన కూర్చున్న ఒకామె లేచింది. నేను కూర్చుంటాననుకుని లేవలేదు. నా భుజం మీది సంచి తీసి, కిటికీ పక్కన ఆమె చోటులో పెట్టింది. కొంగుతో మీది దుమ్ము తుడిచింది. తాండూరు వరకు ఆ చోటులో ఎవరూ కూర్చోలేదు. నేను ఎదురుగా నిలబడ్డాను.

షట్టర్ ఎత్తాను. లోపల ఎవరూ లేరు. అంతలో గూడ్సు బండి పోయింది. ఆ అదురుకు తాళం గొలుసు షట్టర్‌కు తగిలి టక్ టక్ మంది. చాచాకు చూపించాను.

"గిది కాదు సార్. గిది నాకెరుక లేదా?"

రాళ్లు బల్ల మీద, ఎప్పుడూ ఉండే చోట పెట్టాను. బల్ల మీద వాటి గుర్తులు ఉన్నాయి. కొత్త ఫైలు తెరిచాను. ఎడమ బొటనవేలితో నొక్కాను.

కీలు కదలలేదు. చప్పుడు లేదు. అక్షరాలు వచ్చాయి. ఆమె వేగంతో వచ్చాయి. తేలిక మాట దగ్గర తొందరగా, బరువైన మాట దగ్గర మెల్లగా. నా చేతులు ఒడిలో ఉన్నాయి. 'బంధుమిత్రులకు' దగ్గర ఆగిపోయింది. ఆగుతుందని నాకు తెలుసు. ఎన్ని క్షణాలో కూడా తెలుసు.

"చాయ్ పెట్టనా?" అన్నాను. పైకే అన్నాను. గుమ్మంలో ఉన్న చాచా పక్కకు తప్పుకున్నాడు.

అక్షరాలు మళ్లీ కదిలాయి. పేరు చోటుకు వచ్చి నిలిచాయి.

ఇక నా వంతు. రాళ్ల మీద చేతులు పెట్టాను. నా అరచేతులు ఆ గుంటల్లో ఒదగలేదు. ఆమె పేరు మొదటి అక్షరం ఎడమ చిటికెన వేలి కింద ఉంది. నా వేలు దాన్ని దాటిపోయి పక్క అక్షరం మీద పడింది. తుడిపాను. మళ్లీ అదే. మూడోసారి కూడా. ఎవరో కాని మనిషి పేరు మొదలవుతోంది. నా వేలు బాగుంది, అదే అడ్డం. బతికున్నవాళ్ల పేరు, పోయినవాళ్ల పేరు కలిసిపోయిన ఆ పాత కార్డు గుర్తొచ్చి చేతులు తీసేశాను.

అప్పుడు నేనేం మరిచానో తెలిసింది. నేను ఆగలేదు.

వేళ్లు ఎత్తి, అరచేతులు మాత్రం రాళ్ల మీద ఉంచాను. తెర వైపు చూశాను. పెదవులు కదపాలి. ముప్పై ఏళ్లలో ఆమెను పేరు పెట్టి పిలిచిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంట్లో ఇద్దరమే ఉంటే పేరుతో పనేముంది. 'ఇగో' అంటే చాలు. ఆ పేరు ఒకసారి పలికాను. చిటికెన వేలును లోపలికి మడిచాను, విసుర్రాయి మడిచినంత. కిందికి చూస్తే నా చేయిలా లేదు. అరచేయి గుంటలో ఒదిగింది.

కొట్టాను. పేరు పడింది.

కుడి బొటనవేలితో నొక్కాను. 'గారు స్వర్గస్థులైనందున' అని మొదలుపెట్టి మిగతాదంతా ఆమే కొట్టింది. ఎక్కడా ఆగలేదు. 'ఇట్లు' అని రాసి, నా పేరు కోసం నిలిచింది. నా పేరు కొట్టడానికి వేలు మడవాల్సిన పని లేకపోయింది.

సాయంత్రానికి కార్డులు అయ్యాయి. చాచా మడతలు పెట్టాడు. ఒకటి తీసి మిషన్ సొరుగులో దాచుకున్నాడు. వెళ్లే ముందు నేను చేతులు కడుక్కున్నాను. తడిగుడ్డ తీశాను. రాళ్ల మీద పెట్టబోయి, పక్కన పడేశాను. అలాగే సంచిలో పెట్టుకొని ఇంటికి తెచ్చాను.

ఆ సగం కార్డు ఫైలు ఇప్పటికీ షాపు కంప్యూటర్‌లో ఉంది. తుడపలేదు. నింపలేదు.

దీన్ని కూడా ఆ రాళ్ల మీదే కొడుతున్నాను. ఇందులో ఆమె పేరు ఎక్కడా లేదని మీరు గమనించి ఉంటారు. ఒకసారి చేత్తో కొట్టాను. చాలు.

ఎండలకు రాళ్లు పాలిపోయాయి. అరచేతులు కనిపించకుండా పోయాయి. చెరిగిపోయాయేమో అనుకున్నాను. మొన్న మధ్యాహ్నం ముసురు పట్టింది. చాయ్ పెట్టాను. అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో పోశాను. రెండోది పెట్టడానికి బల్ల మీద చోటు లేక, రెండు రాళ్ల నడుమ పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. తేమకు ఆ రాళ్లు ఏమవుతాయో, ఎందుకవుతాయో నాకు తెలుసు. నేనే ఆమెకు చెప్పాను. గ్లాసులోంచి ఆవిరి లేస్తోంది. ముందు ఎడమ రాయి మీద, తర్వాత కుడి రాయి మీద, గ్లాసుకు అటూ ఇటూ, రెండు అరచేతులు మెల్లగా నల్లబడ్డాయి.